మగగొంతు

ఫ్లాస్కు మూత బిగిస్తూ ఆమె మళ్ళీ అదే మాట అంది.

"ఏమండీ, రేపు ట్రిప్పుకి బయల్దేరేలోపు లారీని ఒకసారి మా వర్క్‌షాపుకి తీసుకురండి. స్టీరింగ్ జాయింటు చూపించేద్దాం. పెద్ద పనేం కాదు."

అద్దం ముందు తల దువ్వుకుంటున్న మొగుడు దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు లాగి, ఆమె అప్పుడే తోమి పెట్టిన సింకులో పడేశాడు.

"నా నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?"

అయింది. కుర్చీ మీదే ఉంది. ఆయన కళ్ళెదుటే ఉంది. అయినా ఆమె వెళ్ళి, ఆ చొక్కా తీసి ఆయన చేతికిచ్చి, సింకులో వెంట్రుకలు ఏరి చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుని మళ్ళీ మొదలుపెట్టింది. "అది కాదండీ, రేపు పాపని కూడా తీసుకెళ్తున్నారు. అసలే ఘాట్ రోడ్డు..."

"పొద్దున్నే మొదలుపెట్టకే," అన్నాడాయన గుండీలు పెట్టుకుంటూ.

లోపలి గదిలోంచి అత్తగారు అందుకుంది. "వాడు బయటికెళ్ళేటప్పుడు ఆ సణుగుడేంటమ్మా? నా మోకాళ్ళకి రాసుకునే మందు ఎక్కడ పెట్టావ్?"

ఇంకేం చెప్తుంది? మందు వెతకడానికి వెళ్ళింది. అది ఎప్పుడూ ఉండే చోటే, ఆవిడ తలగడ పక్కనే ఉంది.

ఇంతకీ ఆమె సణిగింది దేని గురించో చెప్పాలి. ఆమె పనిచేసేది లారీలు అమ్మే, బాగుచేసే చోట. మొన్నామధ్య ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. ఒక వరసలో తయారైన పెద్ద లారీలకి స్టీరింగ్ కింద లోపం దొరికిందట. స్టీరింగ్ నుంచి ముందు చక్రానికి పొడవాటి రాడ్డు ఒకటి వెళ్తుంది. దాని చివర జాయింటు, ఆ జాయింటుని పట్టి ఉంచే నట్టు. ఆ నట్టు కొన్ని బళ్ళకి సరిగ్గా బిగించకుండానే బయటికి పంపేశారు. బండి కుదుపులకి అది రోజుకింత వదులవుతూ పోతుంది. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, అది వదులవుతున్నంత కాలం నడిపేవాడి చేతికి ఏమీ తెలియదు. చివర్లో ఎప్పుడో చిన్న శబ్దం చేస్తే చేస్తుంది, లేకపోతే లేదు. ఊడిపోయాక మాత్రం స్టీరింగ్ గిరగిరా తిరుగుతుంది, చక్రం తిరగదు. అందుకని ఆ బళ్ళన్నింటినీ వెనక్కి పిలిచి, పైసా తీసుకోకుండా కొత్త జాయింటు వేసి పంపాలి. పిలిచే పని ఆమెది.

పిలవడం అంటే ఫోను చెయ్యడమే కదా, అందులో ఏముంది అనుకుంటారు. ఆమె కూడా మొదట అలాగే అనుకుంది. "నమస్కారం సార్, మీ లారీ స్టీరింగ్ జాయింటులో లోపం ఉండే అవకాశం ఉంది, దయచేసి వెంటనే వర్క్‌షాపుకి తీసుకురండి, అప్పటిదాకా లోడు వెయ్యకండి" అని ఆమె చెప్పేది ఇంతే. అవతలివాళ్ళు చెప్పేవి వినాలి. "మా డ్రైవరు ఏమీ అనలేదే." "నువ్వెప్పుడైనా లారీ నడిపావామ్మా?" "ఖాళీగా ఉన్నట్టున్నారు మీ కంపెనీ వాళ్ళు." ఒకాయనైతే అంతా విని, గొంతు బావుంది, మళ్ళీ చెయ్యమన్నాడు. వీటన్నిటి చివరా అందరూ కలిసి పాఠం అప్పజెప్పినట్టు ఒకే మాట అనేవాళ్ళు. "అక్కడ ఎవరైనా తెలిసినవాళ్ళుంటే ఇవ్వమ్మా." తెలిసినవాళ్ళంటే మగవాళ్ళని అర్థం. ఆమెకి తెలియడానికి రెండో ఫోను కూడా అక్కర్లేకపోయింది.

మేనేజరు దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టాడు. "మీరు మొదలుపెట్టండి, ఫోర్‌మన్ ముగిస్తాడు" అన్నాడు. "ఆడగొంతుతో మొదలుపెడితే మర్యాదగా ఉంటుంది. మగగొంతుతో ముగిస్తే పని జరుగుతుంది." అప్పట్నించీ అదే పద్ధతి. ఆమె ఫోను కలుపుతుంది, చెప్తుంది, తిట్లు తింటుంది. తర్వాత "ఒక్క నిమిషం సార్" అని కిటికీ లోంచి కేకేస్తుంది. లారీ కింద దూరి ఉన్న ఫోర్‌మన్ గ్రీజు చేతులు పాతగుడ్డకి తుడుచుకుంటూ పైకొస్తాడు. ఆమె రాసిపెట్టిన కాగితం చూసి అవే ముక్కలు చదువుతాడు. 'దయచేసి' అనేది మాత్రం మింగేస్తాడు. అవతలి గొంతు ఠక్కున మెత్తబడుతుంది. "అలాగా సార్. రేపే పంపిస్తాను సార్." ఫోర్‌మన్ మంచివాడు. ప్రతిసారీ ఫోను తిరిగిస్తూ ఇబ్బందిగా మొహం పెడతాడు. ఆ మొహం చూస్తే ఆమెకి ఇంకా చిర్రెత్తుకొచ్చేది. నెలాఖరు మీటింగులో మేనేజరు, ఒప్పించే నేర్పంటే ఇదీ అంటూ ఫోర్‌మన్ని నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. ఆమె కూడా కొట్టింది. చేతిలో టీ కప్పుల ట్రే ఉంటే, దాన్ని పక్కన పెట్టి మరీ కొట్టింది.

పరాయివాళ్ళ సంగతి పోనిద్దాం. ఆ వరసలో తయారైన లారీల్లో ఆమె మొగుడి లారీ కూడా ఉంది. ఆమె అక్కడే పనిచేస్తోంది కాబట్టి కంపెనీ కాస్త తగ్గించి ఇచ్చిన లారీ అది. తను గట్టిగా బేరమాడి కొన్నానని ఆయన ఊరందరికీ చెప్పుకుంటాడు. ఇన్సూరెన్సు ఎప్పుడు కట్టాలో, పర్మిట్టు ఎప్పుడు మార్పించాలో, ఏ టైరు ఎప్పుడు మార్చారో అన్నీ ఆమె తలకాయలోనే ఉంటాయి. అన్నం వారుస్తూ ఆ పనులు గుర్తు చేసుకుంటుంది, బస్సులో నిలబడి ఆ ఫోన్లు చేస్తుంది. ఆయన నడుపుతాడు. లారీ నడవడమంటే ఆయన నడపడమే అని ఇంట్లో అందరి అభిప్రాయం.

లోపం సంగతి తెలిసిన సాయంత్రమే ఆమె చెప్పింది. ఆయన టీవీ చూస్తూ ఊఁ అన్నాడు. మర్నాడు వడ్డిస్తూ చెప్పింది. కూరలో ఉప్పు తగ్గిందన్నాడు. లారీ కడుగుతుంటే పక్కన నిలబడి, రాడ్డు వేలితో చూపించి మరీ చెప్పింది. బకెట్టు అందుకోమన్నాడు. నోరు నొప్పి పుట్టేలా చెప్పింది, బతిమాలింది, అరిచింది, ఓ పూట మాట్లాడ్డం మానేసింది కూడా. మానేసిన సంగతి ఆయన గమనించినట్టు లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని మాత్రం వాళ్ళమ్మతో అన్నాడు.

"నేనో మాట చెప్పనా అమ్మా మీ ఆయనకి?" అని ఫోర్‌మన్ చాలాసార్లు అడిగాడు. వద్దంది. ఎందుకు వద్దందో ఆమెకి బాగా తెలుసు. లోకంలో ఎవడితోనైనా మగగొంతు పెట్టి మాట్లాడించుకోవచ్చు. అది ఉద్యోగం, దానికి జీతం ఇస్తారు. కానీ పక్కలో పడుకునే మనిషికి, జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిన మనిషికి తన మాట ఇంకొకడి నోట చెప్పించాలా? ఆ ఒక్కడి దగ్గరైనా తన మాట తన మాటగా చెల్లకపోతే ఇంక తను ఆ ఇంట్లో ఉండి ఏం లాభం? పంతం అనుకోండి, పొగరనుకోండి. ఏదో ఒక రోజు "సరేలేవే, తీసుకొస్తాను" అంటాడని ఆమె ఆశ. ఆ "సరేలేవే" కోసం ఆమె ఇన్నాళ్ళూ కాచుకుని కూర్చుంది.

కానీ ఈసారి సంగతి వేరు. రేపటి ట్రిప్పు కొండ మీదుగా, సిమెంటు లోడుతో. స్కూలుకి సెలవులు కదాని కూతుర్ని కూడా తీసుకెళ్తానని ఆయన మాటిచ్చేశాడు. ఆ పిల్ల పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉంటుందని ఇంట్లో అందరూ వాగుడుకాయ అంటారు. వాగుడుకాయ వారం ముందు నుంచే బ్యాగు సర్దుకుని, దాన్ని రోజూ విప్పి మళ్ళీ సర్దుకుంటోంది. కిటికీ పక్క సీటు, నాన్న పక్క సీటు.

అందుకని ఆ మధ్యాహ్నం ఆమె తనే లేచి వెళ్ళి ఫోర్‌మన్‌తో అంది. "మా ఇంటాయనకి మీరే చెప్పండి."

ఫోర్‌మన్ చెయ్యి తుడుచుకుని ఫోను అందుకున్నాడు. కాగితం కోసం వెతుక్కున్నాడు. ఆమె కాగితం ఇవ్వకుండా పక్కనే నిలబడి, ఆయన మర్చిపోయిన చోట చిన్నగా అందించింది. నిజానికి అక్కర్లేకపోయింది. రెండో వాక్యం పూర్తి కాకుండానే ఫోనులోంచి మొగుడి గొంతు బయటికి వినిపించింది. "అయ్యో, తప్పకుండా సార్. రేపు లోడింగుకి ముందే మీ దగ్గరికి తెస్తాను సార్. చెప్పినందుకు చాలా థాంక్స్ సార్."

తప్పకుండా అన్న మాట ఆయనకి వచ్చని ఆమెకి ఆ రోజే తెలిసింది.

సరే, పని అయింది కదా, అనుకుంది. ఏ నోటితో చెప్తేనేం, జాయింటు మారుతుంది, పిల్ల క్షేమంగా వెళ్ళొస్తుంది. బస్సులో కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. చాన్నాళ్ళకి ఆమె కళ్ళు మూసుకుంది.

ఆ పూట భోజనాల దగ్గర మొగుడు మహా హుషారుగా ఉన్నాడు. గరిటె నిలబెట్టి, దాని చివర గిన్నె మూత ఆనించి చూపించాడు. "ఇదిగో, ఇది రాడ్డు అనుకో. ఇది జాయింటు. ఇక్కడ ఓ నట్టు ఉంటుంది. అది వదులైందనుకో, చేతికి తెలియనే తెలియదు. ఊడిందా, ఇంక స్టీరింగ్ తిప్పుకుంటూ కూర్చోవడమే. మీ ఫోర్‌మన్ ఎంత వివరంగా చెప్పాడనుకున్నావ్. మనిషంటే అలా ఉండాలి. ఏం తెలివి, ఏం ఓపిక."

ఆమె గరిటె కోసం చెయ్యి చాపింది. కూర వడ్డించాలి మరి. ఆయన ఇవ్వలేదు, ఇంకా చూపించాల్సింది ఉంది.

"అవునూ, నువ్వు అక్కడే కదా పనిచేసేది? ఇంత పెద్ద సంగతి ఉంటే ఇంట్లో ఒక్క ముక్క చెప్పాలా వద్దా?"

"దానికి ఇంటి ధ్యాస ఉంటే కదురా," అంది అత్తగారు మజ్జిగ కలుపుకుంటూ.

వాగుడుకాయ తల ఎత్తింది. "అమ్మ చెప్పింది కదా నాన్నా. రోజూ చెప్తోంది. ఇవాళ పొద్దున కూడా చెప్పింది."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "ఎప్పుడు చెప్పావు?"

నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది. ఆమె ఆయన మొహంలోకి చూసింది. వెటకారం లేదు. బుకాయింపు లేదు. తప్పించుకోవాలనుకునే మనిషి కళ్ళు ఎలా పక్కకి జరుగుతాయో ఆమెకి తెలుసు, అలా జరగలేదు. ఆయన నిజంగానే అడుగుతున్నాడు. ఆయనకి నిజంగానే తెలియదు.

ఆమెకి ఒక్కసారిగా అన్నీ వరసన పెట్టినట్టు కనిపించాయి. కడుపులో గడ్డ ఉంది, ఆపరేషన్ చెయ్యాలని డాక్టరు అన్నట్టు ఆయనతో చెప్పింది. తర్వాత వాళ్ళ చెల్లెలు చెప్తే విని ఉలిక్కిపడ్డాడు. జీతం పెరిగిందని చెప్పింది. ఏడాది తర్వాత, నీకు పెంచరా వాళ్ళు, అని అడిగాడు. గ్యాసు వాసనొస్తోందని చెప్తే పక్కింటాయన వచ్చి తలుపు కొట్టేదాకా కదల్లేదు. ఇన్నేళ్ళూ ఆమె వీటిని మొండితనం అనుకుంది. నిర్లక్ష్యం అనుకుంది. బస్సులో వస్తూ జవాబులు కూర్చుకునేది, ఈసారి ఇలా అంటే అలా అనాలి, అలా అంటే ఇలా తిప్పికొట్టాలి అని. పిచ్చిది, ఎవరితో పోట్లాడిందీ? పోట్లాటకైనా ఎదుటివాడికి మాట వినపడాలి కదా. ఆయన చెవులు బాగానే ఉన్నాయి. ఫ్యాను చప్పుడు ఎప్పట్నించో ఉండేది కాబట్టి ఎవరూ వినరే, ఆమె గొంతు ఆ ఇంట్లో అలా అయిపోయింది. కోపం రావాల్సిన చోట ఆమెకి భయం వేసింది. ఆ భయం దేని గురించో ఆ పూట తనకే అర్థం కాలేదు.

గరిటె తీసుకుని కూర వడ్డించింది.

మర్నాడు పొద్దున్నే ఆమె బస్సులో ఆఫీసుకి వచ్చేసింది. లారీ బాగయ్యాక ఆయన ఇంటికెళ్ళి పిల్లని ఎక్కించుకుంటాడని ఆమె అనుకుంది. ఆ మాట చెప్పింది కూడా. చెప్పింది కానీ, ఇంక చెప్పడమనే దానికి అర్థమేముంది? కిటికీ లోంచి చూస్తే గేటు దగ్గర లారీ మలుపు తిరుగుతోంది. పక్క సీట్లో రెండు జడలు, ఒళ్ళో బ్యాగు, వాగుతున్న నోరు.

మెట్లు ఎలా దిగిందో తెలియదు. లారీ ఆగేసరికి డోరు దగ్గరికి పరిగెత్తి, పిల్లని రెండు చేతులతో కిందికి దించింది. "నొప్పమ్మా," అంది వాగుడుకాయ భుజం రుద్దుకుంటూ.

"ఇంటికెళ్ళి మళ్ళీ రావడం దండగ కదాని తీసుకొచ్చేశా," అన్నాడు మొగుడు. ఆమెతో కాదు, ఫోర్‌మన్‌తో.

ఫోర్‌మన్ ముందు చక్రం దగ్గర వంగి చూస్తూ అడిగాడు. "వచ్చేటప్పుడు శబ్దం ఏమైనా వచ్చిందా సార్?"

"అబ్బే, ఏమీ లేదు. వెన్నలా నడిచింది."

"వచ్చింది," అంది వాగుడుకాయ. "మలుపు తిరిగినప్పుడల్లా కింద టక్కుమంది. పెట్రోలు బంకు దగ్గర ఒకసారి, వంతెన దిగాక ఒకసారి. నాన్నా శబ్దమొస్తోంది, ఆపు అని చెప్పాను కదా. నువ్వు పాట పెంచావు."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఎప్పుడు చెప్పావే?"

అదే మొహం. అదే అమాయకత్వం. తర్వాత ఫోర్‌మన్ వైపు చూసి నవ్వాడు. "ఇది ఏదో ఒకటి వాగుతూనే ఉంటుంది సార్. అందులో ఏది వినాలో ఏం తెలుస్తుంది?"

ఆమె నవ్వలేదు. పిల్ల కూడా నవ్వలేదు. తప్పు చేసినదానిలా బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. రాత్రి తనకి వేసిన భయం దేని గురించో ఆమెకి ఇప్పుడు తెలిసింది. తనంటే ఎలాగో అలవాటు పడింది. ఈ పిల్ల కూడా ఆ లెక్కలో చేరిపోయిందా, ఎప్పుడు చేరింది? మొన్నటిదాకా అది నాన్నా అంటే ఏమ్మా అని పలికేవాడు కదా. మాటలు నేర్చిన కొత్తలో దాని ప్రతి ముక్కా ఫోనులో రికార్డు చేసుకుని ఊరంతా వినిపించాడు. మాట ముద్దుగా ఉన్నన్నాళ్ళు విన్నాడు. దాని మాటలో పని ఉండటం మొదలయ్యాక వినడం మానేశాడు.

ఫోర్‌మన్ లారీ కిందికి దూరాడు. లోపల ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు. మనిషి వెంటనే బయటికొచ్చాడు. స్పానరు పక్కన పడేసి అరచెయ్యి తెరిచాడు. అందులో నట్టు ఉంది.

"స్పానరు అక్కర్లేకపోయింది సార్. వేళ్ళతో తిప్పితే వచ్చేసింది. లోడు వేసుకుని కొండ ఎక్కి ఉంటే..." అని పిల్ల వైపు చూసి ఆపేశాడు.

మొగుడి మొహం పాలిపోయింది. తర్వాత ఫోర్‌మన్ గ్రీజు చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "మీరు చెప్పబట్టి బతికాం సార్. నన్నూ నా కూతుర్నీ బతికించారు."

"నాదేముంది సార్," ఫోర్‌మన్ చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. "మీ ఆవిడ నెల్లాళ్ళుగా మొత్తుకుంటోంది. నిన్న నాతో చెప్పించింది కూడా ఆవిడే."

"అదేలెండి," అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ. "మీ దగ్గర పనిచేస్తోంది కదా, నాలుగు ముక్కలు నేర్చుకుంటోంది."

ఆమెకి నవ్వొచ్చింది. ఏడుపు రావాలి, ఒళ్ళు మండాలి, కానీ నవ్వే వచ్చింది. ఆయన కన్నీళ్ళు నిజమైనవే. పిల్లంటే ప్రాణమన్నదీ నిజమే. కొట్టే మొగుడు కాదు, తాగే మొగుడు కాదు, మంచివాడనే పేరుంది. ఎవరికి చెప్పినా, నా మాట ఆయనకి వినపడదు అంటే, ఇంతేనా అంటారు. ఆ ఇంతేనా అన్నది ఇందాక ఫోర్‌మన్ అరచేతిలో ఉంది.

కొత్త జాయింటు వేశారు. నట్టు బిగించారు. ఫోర్‌మన్ తనే స్టీరింగ్ ముందు కూర్చుని ఆవరణలో లారీని అటూ ఇటూ తిప్పి చూసి, బాగుందని తలూపి దిగాడు. మొగుడు గడియారం చూసుకుని గబగబా ఎక్కి కూర్చున్నాడు. "ఎక్కవే వాగుడుకాయా, లోడింగుకి ఆలస్యమైపోయింది."

పిల్ల మెట్టు మీద కాలు పెట్టింది. ఆమె వెనక నుంచి బ్యాగు పట్టుకుంది. "దిగమ్మా."

"ఇంకేంటి?" అన్నాడాయన పైనుంచి. "బాగైంది కదా. ఫోర్‌మన్ గారే చూశారు."

"బండి బాగైందండీ," అంది ఆమె. "బండంటే నాకు భయం లేదు. పాప రాదు."

ఆయనకి ఏం అర్థమైందో, అలవాటుగా ఫోర్‌మన్ వైపు చూశాడు, ఆ మాటకి అర్థం అతనే చెప్తాడన్నట్టు. ఫోర్‌మన్ తన స్పానర్లు ఏరుకుంటున్నాడు.

"అటు కాదు, నన్ను చూడండి," అంది ఆమె. గొంతు పెంచలేదు. "దారిలో ఏదో అవుతుంది. టైరు దగ్గర పొగొస్తుంది, ఎదురుగా ఎవడో వస్తాడు, మీకు కునుకు పడుతుంది. ఇది చూస్తుంది. నాన్నా అంటుంది. మీరు పాట పెంచుతారు. అంతా అయ్యాక అడుగుతారు, ఎప్పుడు చెప్పావని. జవాబు చెప్పడానికి నా కూతురు ఉండాలి కదా."